ఊపిరికి కావలి

మనిషి బ్రదికియున్నాడో లేదో తెలిసికొనుటకు మన పెద్దలు ముక్కునొద్ద వేలుంచి చూచెడివారు. దూదిపింజ నుంచి చూచిన యిండ్లును కలవు. ఊపిరి యాడుచున్నచో ఆశ, ఆడనిచో ఏడ్పు. ఆ రెండింటి నడుమ చేయదగిన పని యొకటి కలదనియు, ఆగిన యూపిరిని మఱియొకరు తమ చేతితో నడపవచ్చుననియు, దినములు వారములు నడిపినను ప్రాణము నిలుచుననియు లోకమునకు నమ్మకము కుదిరి యింకను నూఱేండ్లు కాలేదు. 1952వ సంవత్సరమున డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున, ఒక అంటురోగముల ఆసుపత్రిలో, పసిపిల్లలు వరుసగా మరణించుచున్న దినములలో ఆ నమ్మకము స్థిరపడినది. ఆ వృత్తాంతమును, దాని తరువాత నడచిన కథను మా చదువరుల యెదుట ఉంచదలచితిమి. ఇందు యంత్రముల కంటె మనుష్యులే యెక్కువగా కనబడుదురు.

అంతకు పూర్వ మెవరును ప్రయత్నింపలేదని కాదు. పుట్టగానే ఏడువని శిశువునకు ప్రాణము మరల్చుటకై చెవులదగ్గర రాళ్లు రాచి చప్పుడు చేయవలెననియు, ముఖముమీద చన్నీళ్లుగాని వేడినీళ్లుగాని చల్లవలెననియు, చేటతో విసరవలెననియు చరకసంహిత శారీరస్థానమున విధించినది. మన మంత్రసానులు పళ్లెము వాయించుట ఈ శాస్త్రమునకు దూరపు చుట్టమో, శాస్త్రమే వారి పళ్లెమునకు చుట్టమో చెప్పజాలము. ఐరోపాలో 1543వ సంవత్సరమున వెసేలియసు అను శరీరశాస్త్రజ్ఞుడు జంతువు గొంతునాళమున రెల్లుగొట్టము నమర్చి ఊదినచో ఊపిరితిత్తులు లేచుననియు, చిక్కిన గుండె బలపడుననియు వ్రాసిపెట్టెను. ఆ మాట నాలుగువందల యేండ్లు పుస్తకమున నిద్రించినదనవచ్చును. 1767లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమునను, 1774లో లండను నగరమునను నీట మునిగినవారిని బ్రదికించుటకు సంఘము లేర్పడినవి. కాలువలును నదులును నిండిన యూళ్లవి. దినమునకొక శవము తేలుచుండెను. ఆ సంఘములవారు నోటితో ఊదుమనియు చెప్పిరి. దానితోపాటు పొగాకుపొగను గుదద్వారమున కొట్టుమనియు చెప్పిరి. రెండవదానికే కొంతకాలము గౌరవ మెక్కువగా నుండెను! నోటితో నోటి నంటుట నాగరికులకు రోత. కాబట్టి మంచి యుపాయము మూలబడినది.

మన హైదరాబాదునకును ఈ కథలో ఒక ప్రకరణము కలదు. 1847లో సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చినది మొదలు శస్త్రచికిత్సాసమయమున కొందఱు అకస్మాత్తుగా మరణించుచుండిరి. వారు గుండె యాగి చచ్చుచున్నారా, ఊపిరి యాగి చచ్చుచున్నారా? నాడిని పట్టుకొని కూర్చుండవలెనా, రొమ్మును చూచుచు కూర్చుండవలెనా? హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను వైద్యపాఠశాలకు పెద్దగాను ఉన్న ఎడ్వర్డు లారీ యనునతడు ఊపిరినే చూడుమని పట్టుపట్టెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చి 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారము కమిషనులను నడిపించెను. రెండవదానికి లండనునుండి లాడరు బ్రంటను అను పేరుపొందిన వైద్యుడు సముద్రము దాటి వచ్చెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిగినవి. ఊపిరియే ముందాగును, గుండె పిదప నాగును అని తీర్మానము వెలువడినది. లారీ శిష్యురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదులోనే చదివి రోగులకు మత్తు నిచ్చు పనిలో ఆరితేరి, ఆ విద్య నవలంబించిన తొలి స్త్రీలలో నొకతెగా లోకమున పేరొందినది. ఆడుపిల్లకు అక్షరములు నేర్పినచో ఇల్లు చెడునని వాదించువారు మెండుగానున్న కాలమున నిది జరిగినది.

ఆ తీర్మానము సగమే నిజము. క్లోరోఫారము కొందఱిలో గుండెనే నేరుగా అదరగొట్టి ఆపునని 1911లో గుడ్మన్ లెవీ నిరూపించెను. అయినను ఊపిరిమీద కన్ను వేసియుంచుమన్న హైదరాబాదు ఉపదేశము వలన మేలే జరిగినది. ఆ కన్ను వేయుటయే వృత్తిగా గల మత్తువైద్యుడు కోపెన్‌హేగన్ కథకు నాయకుడు.

1952వ సంవత్సరపు వేసవి చివర కోపెన్‌హేగనులో పోలియో చెలరేగెను. బ్లెగ్డామ్ ఆసుపత్రి ఆ నగరపు అంటురోగముల ఆసుపత్రి. జూలై చివరనుండి డిసెంబరు మొదటివఱకు అచట చేరినవారు 2,700 మందికి మించిరి. ఉధృతముగా నున్నపుడు దినమునకు ఏబదిమంది వచ్చుచుండిరి. వారిలో 300 మందికి మించి ఊపిరి తీయుటయో మ్రింగుటయో చేతగానివారు. ఆసుపత్రిలోనున్న పెద్ద శ్వాసయంత్ర మొక్కటి. రొమ్మునకు తొడుగు చిన్నయంత్రములు ఆఱు. ఈ లెక్కను చూచినప్పుడెల్ల మాకు కరవుకాలమున ఊరంతటికి ఒక్కటే మిగిలిన మంచినీళ్లబావి గుర్తునకు వచ్చును.

ఆ యంత్ర మెట్టిదో చెప్పవలెను. 1928లో బోస్టను నగరమున డ్రింకరు, షా అనువారు నిర్మించిన ఇనుపపెట్టెకు అది సంతానము. రోగి తల వెలుపల, శరీరము పెట్టెలోపల ఉండును. పెట్టెలోని గాలిని యంత్రము లాగినపుడు రొమ్ము తనంత వికసించి నోటినుండి గాలి లోనికి పోవును. కాలుచేతులతో పాటు రొమ్ముకండరములు మాత్రమే పడిపోయినవారికి ఇది ప్రాణదాత. కాని ఆ యేడు వచ్చిన వ్యాధి గొంతును కూడ పట్టినది. మ్రింగలేని బిడ్డ నోట ఊరిన ఉమ్మి, శ్లేష్మము గొంతులో నిలిచిపోవును. పెట్టె గాలిని లాగినప్పుడెల్ల ఆ మురికియంతయు ఊపిరితిత్తులలోనికి జాఱును. బిడ్డ ఒడ్డుననే ఉండి మునిగిపోవును. మొదటి మూడువారములలో ఇట్టివారు ముప్పదియొక్క మందికి యంత్రచికిత్స జరిగెను, ఇరువదియేడుగురు మరణించిరి.

ఆసుపత్రికి పెద్దవైద్యుడు లాసెను. అంటురోగములలో ఐరోపాలో లెక్కింపదగిన పండితుడు. అతని యెదుట ఒక చిక్కుముడి యుండెను. మరణించుచున్న రోగుల రక్తమున బొగ్గుపులుసు గాలికి సంబంధించిన లవణము ఎక్కువగా కనబడుచుండెను. రక్తము క్షారమైనందువలన నిట్లగుచున్నదని, అది పోలియో చేసిన ఏదో గూఢమైన చెఱుపని అందఱును అనుకొనిరి. పుస్తకములలో అట్లే యుండెను. అతని క్రింద మొగెన్సు బ్యోర్నెబో అను చిన్నవైద్యుడొకడు పనిచేయుచుండెను. కొన్ని నెలలకు ముందు ధనుర్వాతము వచ్చిన యొక పసికందు విషయమున బ్యోర్న్ ఇబ్సెను అను మత్తువైద్యునితో ఇతడు కలసి పనిచేసియుండెను. ఇబ్సెను బోస్టనులో శిక్షణ పొందివచ్చినవాడు, నలువది యేండ్లు నిండనివాడు. అతనిని పిలిపింపుడని బ్యోర్నెబో పెద్దవైద్యునితో చెప్పెను.

ఇందులోని సాహసము మన కాలమువారికి వెంటనే తెలియదు. ఆనాడు మత్తువైద్యు డనగా శస్త్రవైద్యుని ప్రక్కన నిలిచి అతడు చెప్పినపుడు మత్తిచ్చి, చాలునన్నపుడు ఆపువాడు. పంక్తిలో చివరి విస్తరివాడని మన భాషలో చెప్పవచ్చును. అంటురోగముల మహాపండితుడు అట్టివానిని సలహా కడుగుట యనునది అలవాటులేని పని. లాసెను మొదట తటపటాయించెను. పిదప అంగీకరించెను. అంగీకరించినందులకే ఆయన పేరు చరిత్రలో గౌరవముగా నిలిచినదని మా యభిప్రాయము. ఏలనన పిలువకుండుటకు ఆయనకు కారణములు చాలగా నుండెను, అడుగువా రెవ్వరును లేకుండిరి.

ఆగష్టు 25వ తేదీన సభ జరిగెను. ఇబ్సెను రోగుల కాగితములను చదివెను, నలుగురి శవపరీక్షలను పరిశీలించెను. ఊపిరితిత్తులు చచ్చునంతగా చెడలేదని చూచెను. అట్లయిన నెందుకు చచ్చిరి? రక్తము క్షారమగుటచేత కాదు, లోని బొగ్గుపులుసు గాలి బయటికి పోలేక కూడుటచేత చచ్చిరని అతడు పలికెను. రక్తము నిజమునకు ఆమ్లమైపోవుచున్నది; లవణము పెరుగుట దానికి శరీరము చేసికొన్న ప్రతిక్రియ మాత్రమే. చెమటలు పట్టుట, రక్తపుపోటు హెచ్చుట, తుదకు స్మృతి తప్పుట అన్నియు ఊపిరి చాలకపోవుటవలన వచ్చినవే కాని మెదడును పోలియో తినివేయుటవలన వచ్చినవి కావు. ఇది నిజమైనచో చికిత్స సులభము. గొంతుక్రింద నాళమునకు రంధ్రము చేసి, రబ్బరుగొట్టము పెట్టి, దాని చుట్టునున్న చిన్న తిత్తిని గాలితో ఉబ్బించి పైనుండి ఉమ్మి దిగకుండ అడ్డగించి, రబ్బరుసంచిని చేతితో పిండి గాలిని లోనికి పంపవలెను. శస్త్రచికిత్సాశాలలో మత్తువైద్యులు దినదినము చేయు పనియే యది. గదినుండి గదికి అది నడచిరాలేదు, అంతే.

ఆగష్టు 27వ తేదీన పరీక్ష జరిగినది. రోగి పండ్రెండేండ్ల బాలిక. నాలుగు అవయవములు పడిపోయినవి, జ్వరము తీవ్రము, పెదవులు నీలమైనవి, శ్లేష్మములో మునుగుచుండెను. గొంతుకు రంధ్రము చేసిరి, గొట్టము పెట్టిరి. కాని గాలి లోనికి పోలేదు. ఊపిరిగొట్టములు బిగుసుకొని, బాలిక పెనుగులాడుచుండెను. చూడవచ్చిన వైద్యులలో కొందఱు ఇక నయ్యెనని గది విడిచి పోయిరి. ఇబ్సెను మత్తుమందు సూదివేసెను. బాలిక తనంత తీయుచున్న కొద్దిపాటి యూపిరియు ఆగెను. కాని పెనుగులాట కూడ ఆగెను గనుక, సంచి పిండగా రొమ్ము లేచెను! కొంతసేపటికి నీలము పోయి చర్మము ఎఱ్ఱబడినది, చెమట ఆరినది. ఆ విధముగా బ్రదికిన బాలిక తరువాత పెక్కేండ్లు జీవించినది. వెళ్లిపోయిన వైద్యులు తిరిగి వచ్చినపుడు ఏమనుకొనిరో వ్రాసియుంచినవారు లేరు. ఊహించుకొనుటలో దోషము లేదు.

ఒక బాలికకు ఒక సంచి, ఒక చేయి. ఒకే సమయమున డెబ్బదిమందివఱకు ఇట్టివా రున్నపుడు? సంచిని పిండుట ఐదునిమిషముల పని కాదు. రాత్రింబవళ్లు, వారములు, నెలలు. చేయి ఆగినచో ప్రాణ మాగును. ఆసుపత్రివారు విశ్వవిద్యాలయపు వైద్యవిద్యార్థులను పిలిచిరి. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులువేసికొని వచ్చిరి. మొత్తము 1,65,000 గంటలు సంచి పిండిరని లెక్క. మేము కాగితముమీద భాగహారము చేసి చూచితిమి: ఒక్క మనిషి అన్నము నిద్ర లేక కూర్చుండినచో పందొమ్మిదేండ్లకు కొంచెము తక్కువ పట్టును. వారిలో పెక్కుమంది ఇంకను రోగిని ముట్టి యెఱుగనివారు. కొలది గంటల బోధతో వారికి పని యప్పగించిరి. గొంతున గొట్టమున్న పిల్ల మాటాడలేదు. కనుబొమలతోను పెదవులతోను పిల్ల చెప్పునది విద్యార్థి నేర్చుకొనవలెను. గాలి చాలలేదా, ఎక్కువైనదా, శ్లేష్మము తీయవలెనా, భయము వేయుచున్నదా? విద్యార్థులు కథలు చదివి వినిపించిరి, ఆటలాడించిరి. తమ చేతిక్రిందనే ప్రాణము పోయిన రోగుల ప్రక్కనుండి లేచి, మరునాడు మరల వంతునకు వచ్చినవారు వీరే. నర్సులు శ్లేష్మము పీల్చి, పండబెట్టు వైపు మార్చి, పుండ్లు పడకుండ చూచిరి. వీరి పేర్లు చరిత్రకారులు వ్రాయలేదు. వ్రాయవలసినంత సంఖ్యకు మించియుండిరి.

మరణముల లెక్క దిగసాగెను. మొదట నూటికి ఎనుబదికి పైబడి యున్నది, పిదప నలువదికి, తుదకు ఇరువదియైదునకు దగ్గరగా వచ్చెను. లాసెను 1953 జనవరిలో లాన్సెటు పత్రికలో ఈ వృత్తాంతమును ప్రకటించెను. మందు క్రొత్తది కాదు, యంత్రము క్రొత్తది కాదు. రంధ్రము, గొట్టము, సంచి అన్నియు పాతవే. లాస్ ఏంజెలెసు నగరమున బవరు, బెనెట్టు అనువారు గొట్టముద్వారా గాలి కొట్టించి మేలు పొందినట్లు 1950లో ప్రకటించియుండిరి. ఇబ్సెను దానిని చదివియుండెను. క్రొత్తది యేమనగా అన్నిటిని ఒక రోగి మంచముచుట్టు చేర్చుట, ప్రయోగశాలను కూడ. పౌల్ ఆస్ట్రుపు అను ప్రయోగశాలాధికారి రక్తమున ఆమ్లక్షారములను నేరుగా కొలిచి ఇబ్సెను ఊహ సరియేనని చూపెను. నేడు ఏ ఐ.సి.యు.లోనైనను మణికట్టు నాడినుండి రక్తము తీసి నిమిషములలో కొలుచు పద్ధతికి మూలము ఆ శరత్కాలపు తొందరయే. 1953 డిసెంబరులో ఇబ్సెను కోపెన్‌హేగను మునిసిపలు ఆసుపత్రిలో ఒక గదిని ఏర్పఱచెను. వ్యాధి ఏదైనను సరే, ఊపిరియో రక్తప్రసరణమో తప్పిపోవుచున్న రోగులను అందులో నుంచి, రేయింబవళ్లు వైద్యుని నర్సును కావలి యుంచిరి. ప్రపంచమున తొలి ఐ.సి.యు. అదియే యని సాధారణముగా చెప్పుదురు. సంచి పిండు విద్యార్థులకు బదులు యంత్రములు త్వరలోనే వచ్చినవి. స్వీడనులో ఎంగ్‌స్ట్రోము నిర్మించిన యంత్రము వానిలో ముఖ్యము. 1955లో సాల్కు టీకా ఫలించినదని ప్రకటించిరి. పోలియో వెనుకంజ వేసినది. మన దేశమున చివరి రోగి 2011 జనవరిలో బెంగాలున కనబడెను. 2014లో మన ప్రాంతమంతయు పోలియో లేనిదని ధ్రువపత్రము లభించెను. వ్యాధి పోయినది, అది నేర్పిన విద్య నిలిచినది. 2020లో కోవిడు వచ్చినపుడు వెంటిలేటరు అను మాట మన పల్లెలలో కూడ వినబడినది గదా.

ఆసుపత్రికి చేరినవారి సంగతి యిది. చేరకముందే వీథిలోనో, పెరటిలోనో, చెఱువుగట్టుననో పడిపోయినవాని గతి యేమి? బాల్టిమోరు నగరమున పీటరు సాఫరు అను మత్తువైద్యుడు ఈ ప్రశ్నను 1957 ప్రాంతమున చేపట్టెను. జేమ్సు ఈలమ్ అనునతడు మనము విడిచిన యూపిరిలో ఇంకను నూటికి పదియాఱు పాళ్ల వఱకు ప్రాణవాయువు మిగిలియుండునని, అది మఱియొకని ప్రాణమునకు చాలునని అంతకు ముందే చూపియుండెను. సాఫరు తమంతట ముందుకువచ్చినవారికి మత్తిచ్చి, కండరములు కదలకుండ చేసి, వారి ఊపిరిని సామాన్యులచేత నోటితో నడిపించెను. వైద్యము తెలియని వారును, అగ్నిమాపకదళమువారును, స్కౌటు బాలురును చేయగలిగిరి. తల వెనుకకు వంచినచో గొంతునకడ్డుపడిన నాలుక తొలగునని కూడ ఆ పరీక్షలలోనే స్థిరపడినది. 1960లో కౌవెన్‌హోవెను, జూడు, నికర్‌బాకరు అను మువ్వురు ఆగిన గుండెను రొమ్ముమీదనుండి నొక్కి నడపవచ్చునని ప్రకటించిరి. రొమ్ము కోయనక్కఱలేదు, రెండు అరచేతులు చాలును. నేటి నియమము ప్రకారము పెద్దవారికి రొమ్ము నడుమ నిమిషమునకు నూటినుండి నూటయిరువది సార్లు, రెండంగుళముల లోతున నొక్కవలెను. నోటితో ఊదుటకు శిక్షణ లేనివారు నొక్కుట యొక్కటియే చేసినను చాలును. ఈ వాక్యమును మా చదువరులు ఇంటిలో గట్టిగా చదివి వినిపింతురని ఆశించుచున్నాము.

నేర్చుటకు మనిషి రొమ్మునే నొక్కరాదు, ప్రక్కయెముకలు విరుగును. కాబట్టి బొమ్మ కావలసివచ్చెను. నార్వే దేశపు స్తవాంగెరు పట్టణమున లేర్డాలు అను బొమ్మలవ్యాపారి 1960లో దానిని చేసియిచ్చెను. పారిసులో సేను నదిలో మునిగి చనిపోయినదని చెప్పుకొను పేరు తెలియని యువతి ముఖపు అచ్చును దానికి పెట్టెను. మునిగినపుడు ఎవరును ఊపిరి నందింపని ఆ ముఖమునకు ఇప్పటికి కోట్లమంది ఊపిరి నందించిరి. నార్వేవారు కొలది యేండ్లలోనే ఈ విద్యను పాఠశాలలలో ప్రవేశపెట్టిరి. మేము బడిపంతులమగుటచేత ఇక్కడ కొంచెము ఆగితిమి. అక్బరు సింహాసనమెక్కిన సంవత్సరమును మన పిల్లలు తడుముకొనక చెప్పగలరు. ఇంటిలో తాతగారు కుప్పకూలినచో వారి చేతు లెక్కడ పెట్టవలెనో ఎంతమంది యెఱుగుదురు?

సాఫరు కూతురు 1966లో ఉబ్బసముచేత మరణించెను. ఆసుపత్రి ముంగిటివఱకు ఊపిరి నిలుపగలవారు వీథిలో లేరను సంగతి అంతకు పూర్వమే అతనికి తెలియును. ఇపు డది తన యింటికే వచ్చినది. ఆ కాలమున అమెరికాలో పెక్కూళ్లలో రోగిని తెచ్చునది పోలీసుబండి, లేనిచో శవములను మోయు సంస్థలవారి బండి. 1967లో పిట్స్‌బర్గు నగరమున ఫ్రీడమ్ హౌసు అను సంస్థ నల్లజాతివారుండు పేటలోని నిరుద్యోగులను చేర్చుకొనగా, సాఫరు వారికి నెలల తరబడి ఊపిరి నిలుపు విద్యయంతయు నేర్పెను. పనికిరానివారని పట్టణము తీసివేసినవారు ఆ దేశమున వీథివైద్యమునకు మార్గదర్శకులైరి. తరువాత వారికి నాయకత్వము వహించిన నాన్సీ కారొలైను వ్రాసిన పాఠ్యపుస్తకము దేశమంతటను వాడబడినది. పట్టణమువారు 1975లో ఆ సంస్థను మూయించి తమ సొంత సేవను పెట్టుకొనిరి. నేర్పినవారిలో చాలమందికి అందు చోటు దక్కలేదు. ఇట్టివి మనకు క్రొత్తవి కావు. మన వైపున 2005లో హైదరాబాదునందు ఆరంభమైన 108 సేవ, ఎడ్లబండియో ఆటోయో దిక్కయిన పల్లెలకు ఇట్టి శిక్షితుల చేతిని తెచ్చినది.

ఇక మిగిలినది అన్నిటికంటె చిక్కైన సంగతి. మంచముచుట్టు పదిమంది చేరిరి. ప్రతివానికి తన విద్య వచ్చును. అయినను రోగి మరణించును. ఏల? దీనికి సమాధానము వైద్యులకు విమానములవారి నుండి వచ్చినది. 1977 మార్చి 27వ తేదీన టెనెరిఫె ద్వీపమున పొగమంచులో రెండు పెద్ద విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. బయలుదేరుచున్న విమానములోని ఇంజనీరు, ఎదుటి విమానము దారినుండి తొలగినదా యని అనుమానము వెలిబుచ్చెను. తొలగినదని పెద్దచోదకుడు పలుకగా మఱి మాటాడలేదు. మరుసటి యేడు డిసెంబరులో పోర్ట్‌లండు దగ్గర మఱియొక విమానము చక్రముల చిక్కును చూచుకొనుచు ఇంధనము తీరిపోయి కూలెను, పదిమంది చనిపోయిరి. ఇంధనము తగ్గుచున్నదని తోడివారు చెప్పకపోలేదు, మెల్లగా చెప్పిరి. 1979లో నాసావారు సభ జరిపి, విద్య లేక కాదు, కూడి పనిచేయుట తెలియక విమానములు కూలుచున్నవని తేల్చిరి. చిన్నవాడు స్పష్టముగా చెప్పుటయు, పెద్దవాడు విని బదులిచ్చుటయు అభ్యాసము చేయించుట అప్పటినుండి మొదలయ్యెను. స్టాన్‌ఫర్డులో డేవిడు గాబా అను మత్తువైద్యుడు 1990 ప్రాంతమున దానిని బొమ్మరోగిచుట్టు వైద్యులకు నేర్పసాగెను.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉపచారజ్ఞానము, నేర్పు, అనురాగము, శుచిత్వము ఉండవలెనన్నాడు. నలుగురిలో వైద్యుడే ప్రధానుడనియు అన్నాడు. పరిచారకుడు వైద్యుని తప్పును చూచినచో ఏమి చేయవలెనను ప్రశ్న ఆ లక్షణములలో లేదు. ఆ యొక్క లక్షణము కొఱకే నేటివారు పరిశోధనలు చేయుచున్నారు. అయితే నేడు ఆపత్సమయమున ఆజ్ఞను విన్నవాడు దానిని మరల పలికి, చేసినపిదప చేసితినని చెప్పవలెనను నియమము కలదు. వేదమునకు సంత చెప్పుకొన్నవారికి ఇందులో వింత లేదు: గురువు ఒకసారి, శిష్యుడు రెండుసార్లు. అక్షరము చెడరాదని వారు పెట్టుకొన్న కట్టుబాటు ఇచట మందు మోతాదు చెడకుండ కాపాడుచున్నది.

ఈ శిక్షణవలన ఫల మున్నదా? అమెరికాలో మాజీసైనికుల ఆసుపత్రులలో జరిగిన యొక పరిశీలన 2010లో ప్రకటింపబడినది. శిక్షణ పొందిన 74 ఆసుపత్రులలో శస్త్రచికిత్సానంతర మరణములు నూటికి పదునెనిమిది వంతులు తగ్గగా, ఇంకను పొందని 34 చోట్ల ఏడు వంతులే తగ్గినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి చిన్న పట్టిక, అనగా కోయుటకు ముందు అందఱును పేరు, పని చెప్పుకొని రోగియెవరో, ఏ యవయవమో మరల నిశ్చయించుకొను పట్టిక, న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరములలో పరీక్షింపబడి, మరణములను నూటికి ఒకటిన్నర నుండి 0.8కి దించినట్లు 2009లో తెలియవచ్చినది. కాని 2014లో కెనడాలోని ఒంటారియోనుండి వేఱు సమాచారము వచ్చినది. అచట 101 ఆసుపత్రులలో ఆ పట్టికను ప్రభుత్వపు టాజ్ఞచేత వాడించిరి. చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. సంకల్పము చెప్పుచు మనసు వంటింటిమీద నుంచు పూజ యెట్టిదో, పట్టికలో గుర్తులు పెట్టి ఒకరి ముఖ మొకరు చూడకుండుట అట్టిది. కాగితమును ఆజ్ఞతో తేవచ్చును. నోరు తెఱచు ధైర్యము ఆజ్ఞతో రాదు.

కాబట్టి ఇప్పటి శిక్షణశాలలలో ఒక విచిత్రమైన నాటకము నాడింతురు. బొమ్మరోగి మంచముమీద నుండును. పెద్దవైద్యుని వేషము ధరించినవాడు తెలిసియే తప్పు మందు పేరు చెప్పును. తక్కినవారికి అది నాటకములోని భాగమని తెలియదు. ప్రక్కగదిలో గాజుతెర వెనుక కూర్చున్నవారు ఎవరు తలయెత్తి చూచిరో, ఎవరు చూచియు ఊరకుండిరో, ఎవరు గొణిగిరో, ఎవరు తిన్నగా అడ్డుచెప్పిరో, ఎన్ని క్షణములకు చెప్పిరో గడియారము పట్టుకొని వ్రాసికొందురు. నాటకము ముగిసినపిదప అందఱును వలయముగా కూర్చుండి దానిని గూర్చి మాటాడుదురు. తప్పు మందు చెప్పినవాడే మొదట లేచి, నేను మరల అదే మాట చెప్పినచో మీరేమి చేయుదురని అడుగును.